ఆధిపత్యానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు? ఎక్కడ ఏది రాయాలి? (చర్చ)

నాగావళి గట్టు
విజయనగరం, బొబ్బిలి చరిత్ర మీద తెలుగు వ్యాసం ఒకటి ఇంగ్లీషులోకి వెళ్ళాలి. అందులో "ఆధిపత్యం" అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ కాలంలో ఫ్రెంచివాళ్ళ ఆధిపత్యం, 1757లో బొబ్బిలి మీద విజయనగరం ఆధిపత్యం, 1794 పద్మనాభం యుద్ధం తరవాత ఈస్టిండియా కంపెనీ ఆధిపత్యం, ఇలాగ. అన్నిచోట్లా డామినెన్స్ అని రాసీస్తే సరిపోద్దా?

గంటస్తంభం మాస్టారు
సరిపోదండి. పదకొండు చోట్లా ఉన్నది ఒకే సంగతి కాదు. ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగండి: ఎదుగుతున్నారా, ఎదిగేసారా? ఎవరిమీద? ఆ పట్టు జారిపోయేదా, పాతుకుపోయినదా?

ఫ్రెంచివాళ్ళ సంగతి చూడండి. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ వాళ్ళకి ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కారులు (పెద్ద జిల్లాల్లాంటివి) ఇచ్చేడు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే, ఇంగ్లీషు వ్యాసంలో రెండు పేర్లూ ఒకసారి కలిపి చూపించండి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిపోయేరు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. పోటీదారు పక్కనే ఉండగా దొరికి, ఆరేళ్ళకే జారిపోయిన పట్టు అది. దానికి అసెండెన్సీ సరైన మాట: "ఫ్రెంచ్ అసెండెన్సీ ఇన్ ద నార్తర్న్ సర్కార్స్".

వంశధార
అసెండ్ అంటే ఎక్కడం కదా మాస్టారూ. మరి విజయనగరం ఎదుగుదలకి కూడా "అసెండెన్సీ ఆఫ్ విజయనగరం" అని రాయొచ్చా?

గంటస్తంభం మాస్టారు
వద్దమ్మా. చాలామంది తప్పు రాసేది ఇక్కడే. చూడ్డానికి ఎక్కడంలాగే ఉంటుంది గానీ, ఎక్కేక దొరికిన పైచేయినే అసెండెన్సీ అంటారు. ఎదుగుదలకి రైజ్ చాలు: "ద రైజ్ ఆఫ్ విజయనగరం". సింహాసనం ఎక్కడం నామవాచకంగా కావాలంటే అక్సెషన్. అసెంట్ అని పలికేవి రెండున్నాయి. మొదట్లో ఏ-ఎస్-సి ఉంటే కొండ ఎక్కడం, ఏ-ఎస్-ఎస్ ఉంటే ఆమోదం. స్పెల్‌చెక్ రెండింటినీ ఒప్పుకుంటుంది, అది పట్టుకోదు. మీరే చూసుకోవాలి.

అరసవల్లి
ఎదుగుతున్న దశకి ఇంకో నుడికారం ఉంది: "ఇన్ ది అసెండెంట్". ఇది జ్యోతిషం నుంచి వచ్చిన మాట. అసెండెంట్ అంటే మన లగ్నమే, అంటే తూర్పు దిక్కున ఆ క్షణాన ఉదయిస్తున్న చోటు. గ్రహం లగ్నంలో ఉన్నట్టే ఇక్కడా "ఇన్" వస్తుంది, "ఆన్" రాదు. నడినెత్తిన ఉన్న చోటు జెనిత్. పాత పుస్తకాల్లో "ఇన్ ది అసెండెంట్" అంటే అప్పటికే బలం చెలాయిస్తున్నారని కూడా అర్థం వచ్చేది. అలాంటి పుస్తకం నుంచి వాక్యం తీసుకుంటే సందర్భం చూసి తెలుగు చెయ్యండి.

కోట జంక్షన్
వ్యాకరణం మీద కొంచెం. మనకి "వాడి మీద పెత్తనం చేసేడు" అని అలవాటు కనక "డామినేటెడ్ ఓవర్" అని వచ్చీస్తుంది. తప్పు. డామినేట్ క్రియకి నేరుగా కర్మ వస్తుంది, మధ్యలో ఓవర్ ఉండదు: "డామినేటెడ్ ద రీజియన్". నామవాచకమైతేనే ఓవర్: "డామినెన్స్ ఓవర్ ద రీజియన్".

"హోల్డ్ స్వే" (పెత్తనం చెలాయించడం)లో స్వే ముందు "ద" పెట్టకండి. "ద అప్పర్ హ్యాండ్"లో "ద" తప్పనిసరి. ప్రివేయిల్ పక్కన ఓవర్ వస్తే గెలవడం, అపాన్ వస్తే బతిమాలో నచ్చజెప్పో ఒప్పించడం. ఆ ఒక్క మాట మారితే రాజుగారు యుద్ధం గెలిచినట్టు కాకుండా మాట నెగ్గించుకున్నట్టు అయిపోతారు.

ప్రీడామినెన్స్‌కీ ప్రిపాండరెన్స్‌కీ తేడా చిన్నది, రెండూ మిగతావాటిని మించి ఉండడమే. రెండోది తూకం నుంచి వచ్చింది, సంఖ్య, బరువు ఎక్కువైనప్పుడు రాయండి. మీ వ్యాసంలో దాని అవసరం కనిపించటం లేదు.

నాగావళి గట్టు
1757 జనవరి 24 బొబ్బిలి యుద్ధానికి "విజయనగరం ఎస్టాబ్లిష్డ్ సుప్రిమసీ ఓవర్ బొబ్బిలి" అని రాసేను. బాగుందా?

బొబ్బిలి వీణ
సుప్రిమసీ అంటే అందరికన్నా పైన, ఇంక పోటీయే లేదని. అది అక్కడ నిలవదు. బుస్సీ ఫౌజు సాయంతో కోట పడింది. కొన్ని రోజుల్లోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెద విజయరామరాజుని శిబిరంలోనే చంపేసేడు. "గెయిన్డ్ ద అప్పర్ హ్యాండ్" అనండి. అది మన "పైచేయి"కి అచ్చంగా సరిపోతుంది, చేయి కూడా అలాగే ఉంది.

వంశధార
మరి కంపెనీకి పారమౌంట్సీ రాయొచ్చా? పోటీ పరీక్షల పుస్తకాల్లో ఎక్కువ అదే కనిపిస్తుంది.

గంటస్తంభం మాస్టారు
ఇక్కడ రాయకూడదు. పారమౌంట్సీ సంస్థానాల మీద బ్రిటిష్ వాళ్ళకున్న సర్వోన్నతాధికారం పేరు, 1947 ఆగస్టు 15తో అది ముగిసింది. హైదరాబాదు, మైసూరు లాంటివాటికి చెల్లుతుంది. విజయనగరం సంస్థానం అని మనం వాడుకలో అంటాం గానీ, బ్రిటిష్ లెక్కలో అది జమీందారీ. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీతో యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయేక కంపెనీకి అక్కడ ఎదురులేదు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. ఇక్కడ "కంపెనీ రూల్" గానీ "కంపెనీ డామినేషన్" గానీ రాయండి. డామినెన్స్ ఉన్న స్థితి చెబుతుంది. డామినేషన్‌లో అణచి ఉంచడం కూడా వినిపిస్తుంది.

అరసవల్లి
హెజెమొనీ గురించి ఎవరూ అనలేదు. గ్రీకు మాట, నాయకత్వం అని మూలార్థం. ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రామ్షీ తరవాత సామాజిక శాస్త్రాల్లో దీనికి ప్రత్యేకమైన అర్థం వచ్చింది: కింద ఉన్నవాళ్ళు కూడా ఇదే న్యాయమని ఒప్పుకునేలా నడిచే పెత్తనం. కత్తితో గెలిచిన కోటకి ఆ మాట వద్దు. పలకడంలో బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా "హిగెమని", అమెరికా వాళ్ళు "హిజెమొని" అంటారు, రెండూ సరే.

కోట జంక్షన్
వ్యాపార వార్తలు అనువదించేవాళ్ళకి ఒకటి. 2002 కాంపిటిషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం డామినెంట్ పొజిషన్‌లో ఉండడం నేరం కాదు, దాన్ని దుర్వినియోగం చెయ్యడమే తప్పు. "ఆధిపత్యం చెలాయించినందుకు కేసు" అని తెలుగు చేస్తే చట్టమే మారిపోతుంది. "ఆధిపత్య స్థితిని దుర్వినియోగం చేసినందుకు" అని పూర్తిగా రాయాలి.

నాగావళి గట్టు
ఫ్రెంచివాళ్ళకి అసెండెన్సీ, బొబ్బిలికి ద అప్పర్ హ్యాండ్, 1794 తరవాత కంపెనీ రూల్ అని మార్చేను. మిగిలిన ఎనిమిదిలో నాలుగింటికి ఈ మాటలేవీ అక్కర్లేదు, "రూల్డ్" చాలు. చికాకోల్ పక్కన శ్రీకాకుళం చేర్చేను.

బొబ్బిలి వీణ
బొబ్బిలి వాక్యంలో "ద" పెట్టేరో లేదో ఇంకోసారి చూడండి.