ఎవ్వండా, ఎవ్వఁడా?

పర్లాకిమిడి నుంచి: గజేంద్రమోక్షంలోని "లోకంబులు లోకేశులు" పద్యాన్ని ఇంట్లోని పాత కంప్యూటరులో ఎక్కిస్తున్నాను. "అలోకంబగు పెంజీకటి" అన్నచోట అలోకమంటే లోకమే లేనిదా, కంటికి కానరానిదా అన్నది నా సందేహం. ఆపైన "కవ్వల నెవ్వఁ డేకాకృతి" అని నాకు గుర్తు.

బరంపురం నుంచి: మాస్టారూ, అర్థం సంగతి తరువాత చూద్దాము, అక్కడ అరసున్నకు (ఁ) చోటు లేదు. పద్యం కందం కనుక మూడవ పాదంలో "జీఁకటి, కవ్వల, నెవ్వం" అని నాలుగేసి మాత్రలు రావాలి, "నెవ్వఁ" అంటే మూడే వచ్చి పాదం కుంటుతుంది. మీ నోట "ఎవ్వనిచే జనించు" పద్యం కలిసిపోయి ఉంటుంది. అది ఉత్పలమాల, "పరమేశ్వరుఁ డెవ్వఁడు" అన్నచోట "వ" లఘువు కావాలి కనుక అక్కడ అరసున్నే ఉండాలి. ఒకే ఏనుగు మొరలో పోతన రెండు రూపాలనూ ఛందస్సుకు తగినట్టు వాడుకున్నాడు.

పర్లాకిమిడి నుంచి: మాత్రలు లెక్కపెట్టడం నాకూ వచ్చునండీ. మా పదిహేనంగుళాల డబ్బా మానిటరులో నిండుసున్నా అరసున్నా ఒకే మచ్చగా కనబడుతుంటే, నేను ఏది కొట్టానో నాకే తెలియడం లేదు.

రాయగడ నుంచి: తెర మీద అక్షరానికి దక్కే చుక్కలు (పిక్సెళ్ళు) తక్కువైతే అర్ధచంద్రుడూ పూర్ణచంద్రుడూ ఒకటే అవుతారు. పందొమ్మిదంగుళాల పాత చదరపు ఎల్‌సీడీ ఒకటి సెకండ్‌హ్యాండులో చూడండి. అది 1280×1024 చుక్కలది, పదిహేడంగుళాలదానికీ సాధారణంగా అన్నే చుక్కలు కనుక పెద్దదానిలో ఒక్కొక్క చుక్క లావుగా కనబడుతుంది. అంతకంటె పెద్ద వెడల్పు మానిటరుకు మీ పాత గ్రాఫిక్స్ 1920×1080 ఇవ్వలేకపోతే బొమ్మ సాగి మసకబారుతుంది. పద్యం టైపు చేసే ఎడిటరుగా మౌస్‌ప్యాడ్ (Mousepad) గాని జీనీ (Geany) గాని చాలును. విమ్ (Vim) అనే ఇంకో ఎడిటరు చిటికెలో తెరుచుకుంటుంది గాని, దానిని నడిపే టెర్మినళ్ళలో (ఆదేశాలు టైపు చేసే కిటికీలలో) చాలావాటికి మన ఒత్తులు పట్టుబడవు. అయితే సున్న తగవు తీర్చడానికి అదే మేలు: అక్షరం మీద కర్సరు నిలిపి జి, ఎ (g, a) నొక్కితే ఆ అక్షరపు యూనికోడ్ సంకేతం చెబుతుంది, 0సి01 అయితే అరసున్న, 0సి02 అయితే నిండుసున్న.

బరంపురం నుంచి: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పంతులుగా పనిచేసిన మీ ఊళ్ళో అరసున్న కోసం మానిటరు వెతకడం విడ్డూరమే.

పర్లాకిమిడి నుంచి: ఆయన పోరాటం మన వచనం గురించి, పోతన పద్యం మీద కాదు. జి, ఎ నొక్కి చూశాను. 0సి01 అని వచ్చింది, దిద్దుకున్నాను. ఇంతకూ అలోకమంటే ఏమిటి?

బరంపురం నుంచి: దానికి ముందు "పెంజీఁకటి" అన్నచోట అరసున్న పెట్టారా లేదా చెప్పండి. చీఁకటికి అది ఉండాలి.

రాయగడ నుంచి: మాస్టారూ, మీ కంప్యూటరు వెనుక పదిహేను రంధ్రాల నీలం సాకెట్టు ఉందా? ఉంటే మా పాత మానిటరు బస్సులో పంపిస్తాను.