‘నే/ను’ అని విరిచి రాయవచ్చునా?

ప్రశ్న: హనుమకొండలో మేము కొందరం కలిసి ప్రయోగాత్మక స్త్రీవాద కల్పనను తెలుగు చేసుకుని చదువుతున్నాము. ఫ్రెంచి రచయిత్రి మోనిక్ విట్టిగ్ 1973లో వెలువరించిన నవలలో, స్త్రీని కోరుకునే స్త్రీ తన కథ తానే చెబుతూ, ‘నేను’ అనే సర్వనామాన్ని నడుమ గీత గీసి రెండు ముక్కలుగా రాస్తుంది. తెలుగులో ‘నే/ను’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: ముందుగా ఆ గీత ఫ్రెంచిలో ఏ పని చేస్తున్నదో చూడాలి. అక్కడ ‘నేను వచ్చాను’ అని రాస్తే, సర్వనామం లింగాన్ని చెప్పకపోయినా, వెంట వచ్చే క్రియారూపం వచ్చినది ఆడో మగో చెప్పేస్తుంది. పురుషుణ్ణి ప్రమాణంగా పెట్టుకున్న భాషలో స్త్రీ ‘నేను’ అనడమే ఒక చొరబాటు అని విట్టిగ్ భావన. ప్రేయసి దేహాన్ని అవయవం వెంట అవయవంగా విడదీసి మళ్లీ కూర్చిన ఆ నవలలో సర్వనామం కూడా అదే విధంగా చీలింది. మన ‘నేను’కు ఆ గాయం లేదు. ‘వచ్చాను’ అని ఎవరైనా అనవచ్చు. అందుచేత ‘నే/ను’ను చూసిన పాఠకుడు అచ్చుతప్పు అనుకుని దాటిపోయే ప్రమాదం ఉంది.

తెలుగులో దెబ్బ ప్రథమ పురుషలో ఉన్నది. స్త్రీలను, తిర్యక్కులను (పశుపక్ష్యాదులను), జడాలను (ప్రాణం లేనివాటిని) తీసివేయగా మిగిలినవాటిని, అంటే పురుషులను, బాలవ్యాకరణం మహత్తులంటుంది. ఆ విభజన చిన్నయసూరి పుస్తకంలోనే ఉండిపోలేదు, మన ఇండ్లలో రోజూ వినబడుతుంది. ‘ఆమె వచ్చింది’ అంటాము, ‘బర్రె వచ్చింది’ అంటాము, క్రియ ఒక్కటే. పదిమంది చేరేసరికి మాత్రం ‘ఆడోళ్లు వచ్చిన్రు’ అని, ‘బర్లు వచ్చినయ్’ అని వేరు చేస్తాము. ఒంటరి స్త్రీని పశువు సరసన, గుంపులోని స్త్రీని పురుషుడి సరసన నిలబెట్టే ఈ వ్యాకరణం, ప్రయోగం చేయదలచిన మన కథకురాలికి ఆ ఫ్రెంచి గీత కంటే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. జీనెట్ వింటర్‌సన్ 1992 నాటి ఆంగ్ల నవలలో కథ చెబుతున్నది ఆడో మగో చివరిదాకా బయటపెట్టలేదు. ఆ దాపరికానికి తెలుగు క్రియ పూర్తిగా సహకరిస్తుంది, చుట్టరికం మాత్రం సహకరించదు. ‘మా తోడల్లుడు’ అన్నా, ‘మా తోటికోడలు’ అన్నా ఆ ఒక్క మాటతో గుట్టు రట్టవుతుంది. కాబట్టి దేహాన్ని లింగం నుండి విడిపించాలనుకునే తెలుగు రచయిత్రి ముందుగా తన పాత్రను వావివరసల నుండి బయటికి తేవలసి ఉంటుంది. అది వ్యాకరణాన్ని విరవడం కంటే కష్టమైన పని.

మలి ప్రశ్న: అక్కా, మన వరంగల్ మాటలో రాస్తే ఇందులో ఏమైనా మారుతుందా?

సమాధానం: చాలా మారుతుంది. ‘వచ్చాను’లోని చివరి ‘ను’ కర్తను మరొకసారి చెబుతుంది గనుక, సర్వనామం తీసివేసినా మనిషి మిగులుతుంది. మనము ‘నేను వచ్చిన’ అంటాము. అందులోనుండి ‘నేను’ తీసివేస్తే మిగిలిన ‘వచ్చిన’ పూర్తయిన వాక్యమో, రాబోయే నామవాచకానికి విశేషణమో ఒక క్షణం తేలదు. ‘తలుపు తీసిన. అద్దంల చూసిన.’ అని వరుసగా రాసుకుంటూ పోతే, ఆ పనులు చేసిన మనిషి ఉన్నదా లేదా అనే సందేహం ఏ గీతా లేకుండానే పుడుతుంది. ప్రథమ పురుషకు ‘తను’ ఉన్నది. పాటలలో వినబడే ‘వచ్చె’, ‘పోయె’ అనే రూపాలు ఆడకూ మగకూ ఒకటే. ఒక పేజీ అంతా ‘తను వచ్చె’ అని నడిపి, ఊరివాళ్లు మాట్లాడే చోట హఠాత్తుగా ‘అది వచ్చింది’ అనిపించి చూడండి.

ఇదంతా సొంతంగా రాసే కథకు వర్తిస్తుంది. మీ అనువాదంలో మాత్రం గీతను ఉంచవలసిందే, ఎందుకంటే అక్కడ మాట్లాడుతున్నది ఫ్రెంచి ‘నేను’. అచ్చుతప్పు కాదని తెలిపే వాక్యం ఒకటి ముందుమాటలో చేర్చితే చాలు.