వార్ ఫైలా, జార్ ఫైలా? సర్వర్ మీదికి ఏది పంపడం మంచిది?

పాత జావా:
మా స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్లన్నిటినీ వార్ ఫైళ్లుగా, అంటే సర్వర్ మీద వేసే ప్యాకేజీలుగా బిల్డ్ చేసి, వాటిని నడిపే టామ్‌క్యాట్ అనే ఒకే సర్వర్ ప్రోగ్రామ్ వెబ్‌యాప్స్ ఫోల్డర్లో వేస్తున్నాం. కొత్తగా చేరిన పిల్లలు దేనికది టామ్‌క్యాట్‌ను లోపలే పెట్టుకుని సొంతంగా నడిచే జార్ ఫైలు చేద్దామంటున్నారు. నాకు నచ్చలేదు. 2020లో ఘోస్ట్‌క్యాట్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు టామ్‌క్యాట్‌ను 9.0.31కి మారిస్తే చాలు, దాని మీద నడిచేవన్నీ గట్టెక్కాయి. జార్లయితే ఒక్కొక్కటీ మళ్లీ బిల్డ్ చేయాలి కదా?

రాత్రి డ్యూటీ:
అన్నా, ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. ఘోస్ట్‌క్యాట్ వచ్చింది ఏజేపీ కనెక్టర్ వల్ల, అంటే ముందున్న వెబ్ సర్వర్‌తో టామ్‌క్యాట్ మాట్లాడే దారి వల్ల. అప్పటి టామ్‌క్యాట్‌లో అది 8009 పోర్టు మీద మనం అడగకుండానే తెరిచి ఉండేది. స్ప్రింగ్ బూట్ లోపలి టామ్‌క్యాట్‌లో మనం కావాలని పెడితే తప్ప ఉండదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లాగ్‌లు రాసే లైబ్రరీలో భద్రతా లోపం గొడవప్పుడో? ఏ వార్‌లోని లిబ్ (లైబ్రరీల) ఫోల్డర్ దానిదే కాబట్టి వార్ వాళ్లూ అన్నీ మళ్లీ బిల్డ్ చేసుకున్నారు.

అసలు బాధ వేరే ఉంది. టామ్‌క్యాట్‌ను ఆపకుండా వార్ మార్చి మార్చి వేస్తుంటే, ఆగని థ్రెడ్ (లోపల నడుస్తూ ఉండే పని) ఒక్కటున్నా పాత క్లాస్‌లోడర్, అంటే పాత కోడ్‌ను లోడ్ చేసిన భాగం, మెమరీలోంచి పోదు. అలా పేరుకుని పేరుకుని ఒక రాత్రి లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: మెటాస్పేస్' అని పడుతుంది, అంటే క్లాసుల వివరాలు పెట్టే మెమరీ నిండిపోయిందని. ఒకటి చేసిన పాపానికి పక్కనున్నవన్నీ పడిపోతాయి. ఫోన్ మాత్రం మాకొస్తుంది. జార్ అయితే దాని జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపేది) దానిది, చస్తే అదొక్కటే చస్తుంది.

గుంటూరు కోడర్:
జేఎస్‌పీ (హెచ్‌టీఎంఎల్‌లో జావా కలిపి రాసే) పేజీలుంటే జార్ జోలికి పోకండి, అందులో అవి నడవవు. మధ్యే మార్గం ఒకటుంది: నేరుగా జావా కమాండ్‌తో నడిచే వార్. టామ్‌క్యాట్ లైబ్రరీలను ప్రొవైడెడ్ (సర్వరే ఇస్తుంది) అని బిల్డ్‌లో పెడితే అవి లిబ్-ప్రొవైడెడ్ అనే వేరే ఫోల్డర్లోకి పోతాయి. బయటి టామ్‌క్యాట్ ఆ ఫోల్డర్ వైపు చూడదు. ఫైలు ఒకటే, రెండు రకాలుగానూ నడుస్తుంది.

పాత జావా:
ఏజేపీ మాట నిజమే తమ్ముడూ, ఒప్పుకుంటున్నా. మెమరీ సంగతి మాత్రం ఒప్పుకోను. అన్నిటికీ వేర్వేరు జేవీఎంలంటే మా చిన్న సర్వర్ మోయలేదు. పైగా వార్ పేరు చివర రెండు హ్యాష్‌లు, వెర్షన్ నంబర్ పెడితే టామ్‌క్యాట్ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడుపుతుంది. లాగిన్ అయి ఉన్నవాళ్లకు మధ్యలో తెగదు. ఒక్క జార్‌తో ఆ పని చేసి చూపించండి.

రాత్రి డ్యూటీ:
ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వచ్చిన రిక్వెస్టులను వెనక సర్వర్లకు పంపే వెబ్ సర్వర్) పెట్టి రెండు పోర్టుల మీద రెండు జార్లు నడిపితే సరి. సెషన్లు (లాగిన్ అయినవాళ్ల వివరాలు) రెండు జార్లకూ అందేలా రెడిస్ అనే డేటా స్టోర్‌లో ఉండాలి, అంతే. మెమరీకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ర్యామ్ పెంచాల్సిందే. కనీసం ఎక్కువసార్లు మార్చే అప్లికేషన్‌నైనా విడిగా తీయండి.