పగిలిన బీపీ యంత్రంలోని పాదరసాన్ని ఎవరికి అప్పగించాలి?

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. మా బీరువాలో పాదరసంతో పనిచేసే పాత బీపీ యంత్రాలు మూడున్నాయి. మొన్న ఒకదాని గాజు గొట్టం చిట్లి, వెండి పూసలు గచ్చు పగుళ్లలోకి దొర్లిపోయాయి. కిటికీలు తెరిచి, చీపురు తగలనివ్వకుండా, అట్టముక్కతో చేరదీసి, నీళ్లు పోసిన సీసాలో మూత బిగించి పెట్టాను. బాలింతలు పసిపిల్లలతో వచ్చే గది అది. నాకు నిద్ర పట్టడం లేదు.

పాదరసపు ఆవిరికి వాసన ఉండదు. చెరువులో కలిస్తే చేపల ద్వారా మన కంచంలోకే వస్తుంది. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లోనే ఆమోదించింది. అయినా ఇక్కడ అడిగితే "చెత్తబండిలో వేసేయండి" అన్నారు. నేను వేయను.

మీ ఆసుపత్రుల్లో వీటిని ఎవరు తీసుకెళ్లారు? కాలుష్య నియంత్రణ మండలికి ఏమని రాయాలి? పగుళ్లలో మిగిలినదాన్ని ఎలా తీయాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.