పాత స్పోర్ట్ క్వాడ్, తక్కువ బడ్జెట్: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

ఇసుకబాట:
అందరికీ నమస్తే. నెల క్రితం 2002 మోడల్ హోండా టీఆర్‌ఎక్స్ 400ఈఎక్స్ క్వాడ్ (నాలుగు పెద్ద టైర్లతో మట్టిలో, ఇసుకలో తిప్పే బండి) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బటన్ నొక్కగానే స్టార్ట్ అవుతుంది, పొగ లేదు, గేర్లు బాగానే పడుతున్నాయి. నేను తిప్పేది ఎక్కువగా ఇసుకలో, మట్టిదారుల్లో, అక్కడక్కడా రాళ్లుంటాయి. సమస్య ఏంటంటే, మెత్తటి ఇసుకలో ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేర్లో లాగలేకపోతోంది, రెండుకి దింపితే ఇంజన్ అరుస్తోంది. ఇంకోటి, కాస్త స్పీడులో మలుపు తిప్పితే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేదు, రెండు మూడు నెలలకి ఒక పని చొప్పున చేసుకోగలను. ముందు సైలెన్సర్, ఫిల్టర్ కిట్ వేద్దామని ఉంది. ఇప్పటికే వేసినవాళ్లు చెప్పండి, నిజంగా తేడా తెలుస్తుందా?

గ్రీజుచేతులు:
సైలెన్సర్ ఆర్డర్ పెట్టకు తమ్ముడూ, ఒక్క ఆదివారం ఆగు. నా దగ్గర ఇదే బండి తొమ్మిదేళ్లుగా ఉంది. ముందు భాగం జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. లూజు తగిలితే అది చక్రం బేరింగా, బాల్ జాయింటా (చక్రాన్ని సస్పెన్షన్ చేతికి కలిపే గుండు కీలు) అని తేల్చుకోవాలి కదా, ఎవరినైనా ముందు బ్రేకు గట్టిగా పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేకు పట్టాక లూజు పోయిందంటే బేరింగ్, ఇంకా ఉందంటే బాల్ జాయింట్. తర్వాత చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల (హ్యాండిల్ తిప్పితే చక్రాలని తిప్పే కడ్డీల చివరి కీళ్ల) సంగతి బయటపడుతుంది. కళ్లతో చూడటం కన్నా జాయింట్ మీద వేలు పెట్టి ఉంచు, టక్‌మనడం వేలికి ముందు తెలుస్తుంది.

ఆ తర్వాత వెనక భాగం లేపి, చక్రాలు పట్టుకుని మొత్తం పక్కలకి తోసి చూడు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాలని మోసే, పైకీ కిందికీ ఊగే చేయి) ఫ్రేమ్‌కి కలిసే చోట, ఫుట్‌పెగ్ (కాలు పెట్టే కడ్డీ) వెనకాల, కదలిక కనిపిస్తే నువ్వు చెప్పిన ఆ ఆలస్యం అక్కడి నుంచే వస్తోంది. ఇరవై ఏళ్లు దాటిన బండిలో అది లేకపోతేనే ఆశ్చర్యం.

ఆయిల్ కూడా చూసుకో. దీనికి డ్రై సంప్, ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు స్టిక్ తీసి చూస్తే తప్పు చూపిస్తుంది. ఇంజన్ కొన్ని నిమిషాలు తిరిగాక ఆపి చూడాలి. తక్కువ చూపించిందని పోస్తూ పోయి నింపేసినవాళ్లని చూశాను.

రెండుస్ట్రోకులు:
సైలెన్సర్ దండగ అంటే నేను ఒప్పుకోను. నాది యమహా బాన్‌షీ, 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. టూ స్ట్రోక్‌లో పైపు అంటే సగం ఇంజన్ కిందే లెక్క, దాని ఆకారాన్ని బట్టే పవర్ ఏ ఆర్‌పీఎంలో వస్తుందో తేలుతుంది. ఫోర్ స్ట్రోక్ 400లో అంత రాదు, అది నిజమే. బరువు తగ్గుతుంది, సౌండ్ మారుతుంది, పై ఆర్‌పీఎంలో కాస్త ఊపు వస్తుంది, అంతే.

కానీ ఒకటి చెప్పాలి. నేను పైపులు మార్చి, ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీసేసి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి పంపే జెట్లు మాత్రం పాతవే ఉంచేశాను. గాలి ఎక్కువైంది, పెట్రోలు అంతే ఉంది. రెండు రోజులు గాల్లో తేలినట్టు నడిచింది. మూడో రోజు పొడవాటి ఇసుక మైదానంలో ఫుల్ థ్రాటిల్ మీద ఉండగా ఒక్కసారిగా ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ అంచు కరిగి సిలిండర్ గోడకి అంటుకుపోయి ఉంది. పైపుల మీద పెట్టినదానికంటే ఆ రిపేరుకే ఎక్కువైంది. కాబట్టి సైలెన్సర్ వేసే రోజున జెట్లు కూడా చేతిలో ఉండాలి, స్పార్క్ ప్లగ్ తీసి రంగు చూడటం అలవాటు ఉండాలి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది, తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలట్లేదని, నల్లగా మసి పట్టి ఉంటే ఎక్కువైందని అర్థం.

పాత టూ స్ట్రోక్ కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏ పార్టూ కొనకముందు లీక్ టెస్ట్ చేయించండి. ఇంజన్‌లోకి 6 పీఎస్ఐ గాలి ఎక్కిస్తే 6 నిమిషాలు నిలబడాలి. నిలబడకపోతే క్రాంక్ సీల్ దగ్గరో ఇంకెక్కడో గాలి పీలుస్తోందన్నమాట, ఎన్ని జెట్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

మట్టిదారి:
ఎవరూ నర్ఫ్ బార్ల (కాలు వెనక టైరు కిందికి పోకుండా పక్కన అడ్డుండే పైపుల) మాట ఎత్తట్లేదేంటి? ఇసుకబాట గారూ, మీ బండికి ఉన్నాయా? కంపెనీ నుంచి వచ్చిన పాత స్పోర్ట్ క్వాడ్‌లలో ఫుట్‌పెగ్‌కీ వెనక టైరుకీ మధ్య ఖాళీగా ఉంటుంది. కాలు జారి నేలకి తగిలిందంటే వెనక చక్రం దాన్ని కిందికి లాక్కుంటుంది. మా ఫ్రెండ్‌కి నా కళ్ల ముందే జరిగింది, పెద్ద స్పీడ్ కూడా లేదు, రెండో గేర్. మడమ దగ్గర బూటు చీలిపోయింది, నాలుగు నెలలు కర్రలతో నడిచాడు. అప్పటి నుంచి ఎవరు కొత్తగా క్వాడ్ కొన్నా మొదటి ఖర్చు ఇదే అని చెబుతాను: వల ఉన్న నర్ఫ్ బార్లు, మడమ గార్డులు, చేతికి కట్టుకునే కిల్ స్విచ్. పడిపోయినప్పుడు తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది, బండి మీ మీదికి రాదు. ఇవి సెకండ్ హ్యాండ్‌లో కూడా బాగా దొరుకుతాయి, వంగాయా, వెల్డింగ్ దగ్గర పగుళ్లు ఉన్నాయా అని చూసుకుని తీసుకోండి.

ఇసుకబాట:
నర్ఫ్ బార్లు ఉన్నాయి అన్నా, వల మాత్రం ఒక వైపు చిరిగింది, ఈ వారమే మారుస్తాను. కిల్ స్విచ్ లేదు, అదీ రాసుకున్నాను.

గ్రీజుచేతులు గారు చెప్పినట్టు ఈ రోజు లేపి చూశాను. ఎడమ వైపు కింది బాల్ జాయింట్ టక్‌టక్ అంటోంది, బ్రేకు పట్టినా పోలేదు. వెనక అయితే నాకే భయమేసింది, చక్రాన్ని తోస్తే స్వింగ్ ఆర్మ్ స్పష్టంగా పక్కకి జరుగుతోంది.

గేర్‌లెక్క:
ఒక ప్రశ్న. వెనక టైరు పక్కన రాసిన అంకెలు ఏంటి?

ఇసుకబాట:
22×11-9. ముందు ఓనర్ వేయించినవే, గుబ్బలు ఇంకా బాగానే ఉన్నాయి. ఎందుకండీ?

గేర్‌లెక్క:
మీ బండి లాగకపోవడానికి కారణం ఇదే. ఆ మొదటి అంకె టైరు ఎత్తు, అంగుళాల్లో. కంపెనీ నుంచి వెనక వచ్చేది 20 అంగుళాల టైరు. 22 వేశారంటే గేరింగ్ 10 శాతం బరువెక్కినట్టే, ఇంజన్‌కి ఏమీ కాలేదు. కంపెనీ స్ప్రాకెట్లకి (చైన్ తిరిగే పళ్ల చక్రాలకి) ముందు 15, వెనక 38 పళ్లు, అంటే నిష్పత్తి 2.53. మీ టైరుతో అది 2.30 లాగా పనిచేస్తోంది. అందుకే మూడులో ఈడుస్తోంది, రెండులో అరుస్తోంది. ముందు స్ప్రాకెట్ ఒక్క పన్ను తగ్గించి 14 వేయండి, టైరుతో కలిపి 2.47 వస్తుంది, దాదాపు కంపెనీ లెక్కకి వచ్చేసినట్టే. మొత్తం మీద అన్నిటికంటే చవకైన పని ఇదే, గంట పట్టదు, చైన్ తుంచక్కర్లేదు, కాస్త వెనక్కి బిగించుకుంటే సరిపోతుంది. టైర్లు అరిగాక 20కి మారితే అదే 14తో ఇసుకలో ఇంకా హాయిగా ఎక్కుతుంది.

13కి మాత్రం వెళ్లకండి. స్ప్రాకెట్ చిన్నదైన కొద్దీ చైన్ స్వింగ్ ఆర్మ్ మీది ప్లాస్టిక్ స్లైడర్‌ని ఎక్కువ రాస్తుంది. పాత స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లాగా ఒక వైపుకి వంగి ఉంటే మాత్రం చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి, అరిగిన చైన్ కొత్త పళ్లని నెలల్లో తినేస్తుంది.

టైర్లలో గాలి ఎంత ఉందో కూడా చూడండి. ఇలాంటి బండికి నాలుగైదు పీఎస్ఐ చాలు, కారు గేజ్‌తో అంత తక్కువ గాలి సరిగ్గా తెలియదు, లో ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కోండి.

గ్రీజుచేతులు:
గేర్‌లెక్క గారు సరిగ్గా పట్టుకున్నారు, టైరు సైజు నాకు తట్టలేదు. పెద్ద టైరు వల్ల వెనక ఒక అంగుళం లేచి ముక్కు కిందికి దిగి ఉంటుంది, మలుపులో బెదురుగా ఉండటానికి అదీ తోడై ఉంటుంది.

స్వింగ్ ఆర్మ్ బోల్టు జాగ్రత్త తమ్ముడూ. అది తుప్పుతో లోపలి స్లీవ్‌కి అతుక్కుని ఉంటుంది. రెండు రాత్రులు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలెయ్. దెబ్బ వేసేముందు నట్టు తిరిగి బోల్టు అంచు దాకా ఎక్కించు, లేకపోతే మరలు చెడిపోతాయి, సుత్తికీ బోల్టుకీ మధ్య ఇత్తడి ముక్క పెట్టు. నాది తీసినప్పుడు నీడిల్ బేరింగ్‌లో సూదులు లేవు, ఎర్రటి పొడి కారింది. అదే విప్పులో షాక్ అబ్జార్బర్‌ని స్వింగ్ ఆర్మ్‌కి కలిపే లింకేజ్ బేరింగులు కూడా తీసి కడిగి గ్రీజు పెట్టు, మళ్లీ మళ్లీ విప్పే పని కాదు అది.

షాక్స్ తర్వాత చూద్దువు. కొత్తవి కొనక్కర్లేదు, ఆయిల్, సీళ్లు మార్పించి నైట్రోజన్ నింపిస్తే పాతవే వేరే బండి మీద కూర్చున్నట్టు ఉంటాయి.

ఇసుకబాట:
మూడు వారాల తర్వాత చెబుతున్నాను. ముందు 14 స్ప్రాకెట్ వేశాను, అదే ఎత్తు మూడో గేర్లోనే ఎక్కేసింది, పైకి చేరాక బండి ఆపి కాసేపు అలాగే చూస్తూ నిల్చున్నాను, అంత సంతోషం వేసింది. స్వింగ్ ఆర్మ్ బోల్టుకి నిజంగానే రెండు రాత్రులు పట్టింది. కుడి వైపు బేరింగ్‌లో ఆరేడు సూదులే మిగిలాయి, స్లీవ్ మీద వాటి గాట్లు గోటికి తగులుతున్నాయి. రెండు వైపులా కొత్తవి వేశాను, లింకేజ్‌కి గ్రీజు పెట్టాను. బాల్ జాయింట్ కూడా మార్చాను. వెనక ఆలస్యం పూర్తిగా పోయింది. సైలెన్సర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ఒక్కటే మిగిలింది. బాల్ జాయింట్ వేశాక హ్యాండిల్ నేరుగా పట్టుకున్నా బండి కొద్దిగా ఎడమకి పోతోంది.

గ్రీజుచేతులు:
శభాష్. అది టో సెట్టింగ్, అంటే ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్నది. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడు, సగం సార్లు అదే కారణం. తర్వాత బండి చదునైన నేల మీద పెట్టి, హ్యాండిల్ నేరుగా ఉంచి కదలకుండా కట్టెయ్. ఒక్కో ముందు టైరు నడిమి గీత మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, హబ్ ఎత్తులో ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి రెండు టైర్ల మధ్య దూరం కొలువు. ముందు కొలత వెనకదానికంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. తేడా ఉంటే రెండు టై రాడ్లనీ సమానంగా తిప్పు, ఒక్కదాన్నే తిప్పితే హ్యాండిల్ వంకరగా వస్తుంది. లాక్ నట్లు బిగించాక మళ్లీ ఒకసారి కొలువు, బిగించేటప్పుడే కదిలిపోతుంటాయి.