పన్నెండేళ్ళు దాచిన స్లాబు డబ్బు ఇప్పుడు ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. 2012లో మేడ మీద స్లాబు వేయించాలని మా నాన్నగారు మేస్త్రీతో మాట్లాడి, ఇనుము, సిమెంటు, ఇసుక, కూలి విడివిడిగా లెక్క వేయించి, మొత్తం 1,75,000 రూపాయలవుతుందని పోస్టాఫీసు పాస్‌బుక్ వెనుక అట్ట మీద పెన్సిలుతో రాసుకున్నారు. అంతలో అమ్మకు ఒంట్లో బాగోకపోవడంతో, ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని ఆ సొమ్మును సేవింగ్స్ ఖాతాలోనే ఉంచేశారు. దేవుడి దయవల్ల అందులో ఒక్క రూపాయి కూడా తీయవలసిన అవసరం రాలేదు. 4 శాతం వడ్డీతో 2024 నాటికి అది 2,80,000 అయింది. అవే కొలతలకు మేస్త్రీ ఇప్పుడు 4,00,000 అడుగుతున్నాడు. నాన్నగారు అతను మోసం చేస్తున్నాడని నమ్ముతున్నారు. లక్షకు పైగా పెరిగిన డబ్బు లక్షా ఇరవై వేలు తక్కువ పడడం ఎలా సాధ్యం? నాన్నగారి వయసు 66.

సమాధానం (బరంపురం నుంచి)

మేస్త్రీని అనుమానించకండి. జనం కొనే సరుకులు, సేవల సగటు ధరలను కొలిచే వినియోగదారుల ధరల సూచీని 2012లో 100గా తీసుకుంటే, 2024 మధ్యకు వచ్చేసరికి అది 190 దాటింది. అంటే మీ 2,80,000కు 2012 నాటి లెక్కలో విలువ దాదాపు 1,47,000 మాత్రమే. పాస్‌బుక్‌లో అంకె ఏటా పెరుగుతూనే ఉన్నా, దానితో కొనగలిగే సరుకు మొత్తం మీద తగ్గుతూ వచ్చి, చివరికి సుమారు 28 వేల మేర కరిగిపోయింది. వడ్డీ రేటు ధరల పెరుగుదల కంటే తక్కువగా ఉన్నప్పుడు జరిగేది ఇదే.

అయినా ఆ సూచీ ప్రకారం స్లాబు 3,32,500కే కావాలి కదా అని మీరు అడగవచ్చు. ఆ సూచీలో ఆహార పానీయాల వాటాయే దాదాపు 46 శాతం. ఇనుము, సిమెంటు, మేస్త్రీ కూలి ఆ సగటు మాట వినవు. మా గంజాం జిల్లా నుంచి ఎంతోమంది పనివాళ్ళు సూరత్ వెళ్ళిపోతున్నారు; నిలకడగా పనిచేసే మేస్త్రీ దొరకడమే గగనమైపోయింది. కాబట్టి ఏ పని కోసం దాచుకుంటున్నామో ఆ పని ధరతోనే పొదుపును కొలుచుకోవాలని నా అభిప్రాయం.

సమాధానం (రాయగడ నుంచి)

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే అమ్మగారి కోసం డబ్బును చేతికందేలా ఉంచడం తప్పు కాదు. మొత్తం సొమ్మును 4 శాతానికి వదిలేయడమే నష్టం చేసింది. 2012లో అదే పోస్టాఫీసులో ఐదేళ్ళ టైమ్ డిపాజిట్‌కు 8.5 శాతం ఇచ్చేవారు. యాభై వేలు ఖాతాలో ఉంచుకొని మిగతాది అందులో వేసి ఉంటే ధరల వెనుక ఇంత దూరం పడిపోయేవారు కారు.

ఇక మీ స్లాబు ఖర్చు ఈ పన్నెండేళ్ళలో ఏడాదికి సుమారు 7 శాతం చొప్పున పెరిగింది. ఇదే వరస సాగితే వచ్చే ఏడాది మేస్త్రీ లెక్క 28,000 పెరుగుతుంది, మీ ఖాతాకు వచ్చే వడ్డీ మాత్రం 11,200. స్లాబు నిజంగా అవసరమైతే ఆలస్యం చేయకండి. అవసరం లేదనుకుంటే నాన్నగారి పేరిట సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 2023 ఏప్రిల్ నుంచి దానికి 8.2 శాతం ఇస్తున్నారు, ఖాతా తెరిచిన నాటి రేటు ఐదేళ్ళూ మారదు. వడ్డీ మీద పన్ను ఉంటుందని మరవకండి. ఇంటికి వచ్చి నెలకు రెండు శాతం ఇస్తామనే వారి చేతిలో మాత్రం, దయచేసి, ఆ డబ్బు పెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాస్‌బుక్ తిప్పి, పాత లెక్క పక్కనే నేటి ధరలు వరుసగా రాయించుకున్నారు. అప్పు చేయడం ఆయనకు ఇష్టం లేదు. మెట్ల గది, ఒక పడక గది మేరకే వేస్తే ఎంతవుతుందో మేస్త్రీ ఆదివారం వచ్చి కొలత వేసి చెబుతానన్నాడు.