స్టెపిన్ ఫెచిట్‌ను ఆనాటి నల్లజాతి ప్రేక్షకులు ఎలా చూశారు?

స్టెపిన్ ఫెచిట్ పేరుతో 1930లలో హాలీవుడ్‌లో వెలిగిన నల్లజాతి హాస్యనటుడు లింకన్ పెర్రీ గురించి చదువుతున్నాను. తెలిసినవారు ఒక సందేహం తీర్చగలరా? 1934 నాటి 'జడ్జ్ ప్రీస్ట్' చిత్రంలో ఆయన పాత్ర కోళ్ల దొంగతనం కేసులో కోర్టుకొచ్చి, విచారణ సాగుతుండగానే కునుకు తీస్తుంది. మాట సాగదీస్తూ, కాళ్లీడ్చుకుంటూ తిరిగే ఆ వేషం నల్లవాళ్లు సోమరులన్న దుష్ప్రచారానికి ఊతమిచ్చిందనే విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది. అయితే ఆ సోమరితనం యజమాని చెప్పిన పని ఎగ్గొట్టడానికి బానిసలు పన్నిన ఎత్తుగడకు ప్రతిరూపమని, తెల్లవాళ్లు నవ్విన చోటే నల్లవాళ్లు వేరే కారణంతో నవ్వుకున్నారని కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. పైగా ఆయన నల్లజాతివారి పత్రిక 'చికాగో డిఫెండర్'కు శీర్షిక రాసిన మనిషి (తెరమీది మందబుద్ధికీ దీనికీ పొంతనే లేదు). 1968లో ప్రసారమైన ఒక డాక్యుమెంటరీ తన పరువు తీసిందని అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌పై ఆ తర్వాత దావా వేసి ఓడిపోయారు. 1976లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ హాలీవుడ్ శాఖ ఆయనకు ప్రత్యేక పురస్కారం ఇచ్చింది.

ఎత్తుగడ అన్న ఈ భాష్యం ఆనాటి ప్రేక్షకులదేనా, లేక తర్వాతి పండితులు ఆపాదించినదా? 1930లలో నల్లజాతి పత్రికలు ప్రచురించిన సమీక్షలను, పాఠకుల లేఖలను భారతదేశం నుంచి ఉచితంగా చదివే వీలుంటే, ఎక్కడ, ఎలా వెతకాలో దయచేసి చెప్పగలరు.